రీవర్క్ రూటింగ్ పెట్టేముందు: బోర్డు తిరిగి ఏ స్టేషన్‌కి వస్తుందో చూసుకోండి

రీవర్క్ అంటే టెస్టులో ఫెయిలైన పీసుని బాగుచేయడం; రీవర్క్ రూటింగ్ అంటే ఆ పీసు తర్వాత ఏ స్టేషన్లకు ఏ వరసలో పోవాలో లైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టే దారి. పోయిన నెల మా రేణిగుంట వైపే ఒక ప్లాంటుకి, పేరెందుకులెండి, మొబైల్ అడాప్టర్లు ప్యాలెట్లకు ప్యాలెట్లు వెనక్కి వచ్చాయి. కస్టమర్ దగ్గర శాంపిల్ తీసి హైపాట్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూసే టెస్టు) కొడితే ఇన్సులేషన్ నిలబడలేదు. ఇళ్లకు చేరకముందే దొరికాయి, అదొక్కటే అదృష్టం. అక్కడ పనిచేసే మా వాడు ఒక సీరియల్ నంబర్ హిస్టరీ చూపించాడు. ఉదయం 10:42 హైపాట్ పాస్. 11:05 ఫంక్షన్ టెస్ట్ (అడాప్టర్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసేది) ఫెయిల్. 2:10 రీవర్క్, ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు. 2:31 ఫంక్షన్ టెస్ట్ పాస్. 2:36 ప్యాకింగ్. ఆఖరి లైను పచ్చ రంగులో వెలిగిపోతోంది.

టైములు ఇంకోసారి చూడండి. హైపాట్ పాసైంది పీకేసిన ట్రాన్స్‌ఫార్మర్, అది స్క్రాప్ డబ్బాలో పడుంది. లోపలున్న కొత్తదాన్ని హైపాట్ మిషన్ చూడనే లేదు.

బ్రహ్మోత్సవాలు, దసరా, దీపావళి డిస్పాచులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడే రోజులు దగ్గరికొచ్చాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. గరుడ సేవ నాడు బస్సులన్నీ కొండకే, షిఫ్టు సగం ఆలస్యంగా వస్తుంది, వచ్చినవాళ్లలో సగంమంది ఏజెన్సీ నుంచి వారం క్రితం చేరిన పిల్లలు. “దీనికి హైపాట్ కూడా మళ్లీ కొట్టాలి కదా” అని గుర్తుపెట్టుకునే పాత ఆపరేటర్ ఆ రోజు లైన్‌లో ఉండడు. అతని బుర్రలో ఉన్నది రూటింగ్‌లో ఉండాలి.

అసలు తప్పు

ఎక్కడ ఫెయిలైందో అక్కడికే తిరిగి పంపడం. ఇదే.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఫంక్షన్ టెస్ట్‌లో పడింది, బాగుచేశాం, మళ్లీ ఫంక్షన్ టెస్ట్‌కే పంపుదాం. నేనూ మొదటి రెండేళ్లు ఇలాగే పెట్టాను, నేను వాడిన సాఫ్ట్‌వేర్లు రెండూ దాన్నే ముందుగా నింపి చూపించేవి కూడా. కానీ సాఫ్ట్‌వేర్ ప్రతి స్టేషన్ దగ్గర అడిగేది ఒక్కటే, వెనకటి స్టేషన్లకు పాస్ ఉందా అని. అది ఎప్పటి పాస్, రిపేరుకు ముందుదా తర్వాతదా అని మనం చెప్తే తప్ప అడగదు. ప్యాకింగ్‌లో ఆపి అడిగితే లైన్ లీడర్ కూడా అదే అంటాడు: “పాస్ అనే ఉండాది కదా సార్.” ఉంది, నిజమే.

కాబట్టి తిరిగొచ్చే స్టేషన్ తేల్చాల్సింది రిపేర్లో దేన్ని ముట్టుకున్నామో దాన్ని బట్టి. ఆ ముట్టుకోవడంతో ఏ ఏ టెస్టుల ఫలితం చెల్లకుండా పోయిందో చూసి, వాటిలో లైన్‌లో అన్నిటికంటే ముందున్న దానికి పంపాలి. ట్రాన్స్‌ఫార్మర్, ఆప్టోకప్లర్, వై-కెపాసిటర్ లాంటివి కరెంటు వైపుకీ చార్జింగ్ వైపుకీ మధ్య గోడలాంటివి, వాటిలో ఏది మార్చినా హైపాట్‌కే. కేసు తెరిచి మళ్లీ వెల్డ్ చేసినా హైపాట్‌కే, లోపల ఏమీ మార్చకపోయినా సరే. ఒట్టి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించే బోర్డులైతే ఫంక్షన్ టెస్ట్ చాలు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చాలామంది డిఫెక్ట్ కోడ్‌కి రూట్ కడతారు. “అవుట్‌పుట్ లేదు” అని కోడ్ కొట్టేటప్పుడు ఆపరేటర్‌కి లక్షణమే తెలుసు, కారణం తెలియదు. అదే కోడ్‌కి ఒకరోజు విడిపోయిన సోల్డర్ దొరుకుతుంది, ఇంకోరోజు కాలిపోయిన ఆప్టోకప్లర్. రూట్‌ని రిపేర్ కోడ్‌కి కట్టండి, అంటే బెంచీ మీద పని అయ్యాక టెక్నీషియన్ కొట్టే కోడ్‌కి. ఎలక్ట్రానిక్ బోర్డుల రీవర్క్, రిపేర్ స్టాండర్డ్ ఐపీసీ-7711/7721 చూసుకుంటే కాంపోనెంట్ ఎలా తీయాలో, ఎలా పెట్టాలో ఉంటుంది. మీ లైన్‌లో అది ఎక్కడికి పోవాలో మీరే రాసుకోవాలి.

లెక్కల సంగతి

రీవర్క్ నుంచి వచ్చిన పీసు మళ్లీ కొత్త ఉత్పత్తిగా లెక్కలోకి ఎక్కకుండా చూసుకోండి. మార్చిన కాంపోనెంట్‌ని రీవర్క్ ఆర్డర్ మీదే స్టోర్ నుంచి ఇష్యూ చేయించండి, లేకపోతే స్టాక్‌లో ఉన్నట్టే చూపిస్తుంది, దీపావళి లాట్ మధ్యలో బిన్ ఖాళీగా కనిపిస్తుంది. రీవర్క్ ఎన్నిసార్లో హద్దు పెట్టండి, మేం రెండు పెట్టాం, మూడోసారి క్వాలిటీ వాళ్లు చూడందే కదలదు. హైపాట్ మళ్లీ మళ్లీ కొడితే ఇన్సులేషన్ మీద ఒత్తిడి పడుతుందని కొందరు వాదిస్తారు. పడుతుంది, అందుకే హద్దు. దాన్ని సాకుగా చూపించి టెస్టే ఎగ్గొట్టేస్తామంటే ఎలా?

అక్టోబర్ నుంచి మనకు వానలు. ఎంఎస్ఎల్ 3 (తేమకి ఎంత త్వరగా పాడవుతుందో చెప్పే స్థాయి) కాంపోనెంట్లకి ప్యాకెట్ విప్పాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గాలిలో 168 గంటలే గడువు. రీవర్క్ రూట్‌లో బేకింగ్ స్టెప్, అంటే తేమ పోయేలా ఓవెన్‌లో వేడిచేయడం, ఉంటే కనీస గంటలు సాఫ్ట్‌వేర్‌లోనే లాక్ చేయండి. ఓవెన్ మీద అంటించిన కాగితాన్ని నమ్మొద్దు.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో:

- ప్యాకింగ్ స్కాన్ దగ్గర ఒక్క చెక్ పెట్టండి: ఇన్సులేషన్‌ని ముట్టుకున్న రిపేర్ ఏదైనా ఉంటే, చివరి హైపాట్ టైము ఆ రిపేర్ టైము కంటే తర్వాతదై ఉండాలి. కాకపోతే స్కానర్ ఆగాలి. పసుపు రంగులో హెచ్చరిక చూపించి వదిలేయడం కాదు, ఆగాలి.
- రిపేర్ కోడ్ కొట్టగానే పాత పాస్‌లు రద్దవ్వాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం లేకపోతే రీవర్క్ రూట్‌లోనే హైపాట్‌ని వేరే ఆపరేషన్‌గా పెట్టండి.
- రీవర్క్ బెంచీ మీద లేబుల్ ప్రింటర్ ఉండకూడదు. కొత్త లేబుల్ అంటే కొత్త సీరియల్, కొత్త సీరియల్ అంటే హిస్టరీ మాయం.
- సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మానిటర్ కింద అంటించి ఉంది. తీసేయండి. ఇప్పుడే.
- షిఫ్టు నడుస్తుండగా రూటింగ్ వెర్షన్ మార్చొద్దు. రీవర్క్‌లో ఇరుక్కున్న పీసులు పాత వెర్షన్ మీదే పోతాయి, వాటి లిస్టు ముందు తీయండి.
- ఐటీ కుర్రాడు ఒక్కడే కూర్చుని తిరిగొచ్చే స్టేషన్ తేల్చేయకూడదు. క్వాలిటీ సంతకం ఉండాలి.
- టెస్ట్ సర్వర్‌లో మంచి పీసు నడిపి బాగుందనుకోవద్దు. ఒకదాన్ని ఫంక్షన్ టెస్ట్‌లో కావాలని ఫెయిల్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ మార్చినట్టు కోడ్ కొట్టి, నేరుగా ప్యాకింగ్‌లో స్కాన్ చేయండి. తీసుకుందంటే మీ రూటింగ్ తప్పు.
- మళ్లీ చెప్తున్నా, ఎక్కడ ఫెయిలైందో అక్కడికే పంపకండి.
- ఈ రాత్రి ఒక్క రిపోర్ట్ తీయండి: ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన టైము, చివరి హైపాట్ టైము కంటే తర్వాత ఉన్న సీరియల్ నంబర్లన్నీ. ఒక్కటి తగిలినా ఆ ప్యాలెట్ లారీ ఎక్కకముందే ఆపండి. లారీ నాయుడుపేట దాటాక డ్రైవర్ ఫోన్ కూడా ఎత్తడు.