బాటిల్ తీసేసి గ్లాసు పెట్టుకోండి

పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లంచ్‌కే లేవడం, ప్యాంటు బటన్ పెట్టాలంటే ఊపిరి బిగబట్టాల్సి రావడం, ఇదీ నా పరిస్థితి. గంటకోసారి లేవమని ఫోన్‌లో అలారం పెట్టా గానీ నాలుగో రోజుకే చూడకుండా ఆపేయడం అలవాటైపోయింది.

ఇప్పుడేం చేస్తున్నా అంటే డెస్క్ మీద లీటర్ బాటిల్ తీసేసి ఇంట్లోంచి 200 ఎంఎల్ పట్టే చిన్న స్టీల్ గ్లాసు తెచ్చి పెట్టుకున్నా, దాహమేస్తే చచ్చినట్టు లేవాల్సిందే. వాటర్ క్యాన్ మా ఫ్లోర్‌లో అటు చివర ఉంటది, పోయి రావడానికి 130 అడుగులు, రోజుకి 9, 10 గ్లాసులు తాగితే వెయ్యి అడుగులు దాటిపోతాయి, వాష్‌రూమ్ ట్రిప్పులు ఎలాగూ బోనస్. నీళ్ళు అక్కడే తాగేసి ఖాళీ గ్లాసు తెచ్చి కళ్ళ ముందు పెట్టుకోండి, నిండుగా తెస్తే కీబోర్డ్ మీద ఒలుకుతది (నాకు అయింది). దారిలో బిస్కెట్ల డబ్బా ఉంటే మాత్రం అటు చూడొద్దు.

వరసగా మీటింగులున్న రోజు ఇది పనిచెయ్యదు, లేవడం కుదరక నీళ్ళే తాగం, సాయంత్రానికి తల పగిలిపోతది. ఆ రోజు, ఇంకా ఎండాకాలంలో, బాటిల్ కూడా పక్కన ఉంచుకోండి.