గేమింగ్ మానిటర్ కొనే ముందు గ్రాఫిక్స్ కార్డును చూసుకోండి
గేమింగ్ మానిటర్ కొనదలచినవారు ముందుగా తమ గ్రాఫిక్స్ కార్డు సామర్థ్యాన్ని గమనించాలి. ఆడే గేములో సెకనుకు 70 ఫ్రేములు మించి రాని కంప్యూటరుకు 240 హెర్ట్జ్ (అంటే సెకనుకు 240 సార్లు బొమ్మను మార్చగల) తెర తగిలించినా, అదనంగా పెట్టిన సొమ్ముకు తగిన ఫలితం కనిపించదు. బడ్జెట్ పరిమితమైతే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, 144 హెర్ట్జ్ ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర రకం) చాలు. 27 అంగుళాలకు వెళ్లదలిస్తే మాత్రం 1440పీ (నిలువుగా 1440 చుక్కలుండే తెర) తీసుకోవడం మేలు, ఎందుకంటే అంత తెరపై 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో, అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. వీఏ అనే మరో రకం ప్యానెళ్లలో నలుపు చిక్కగా ఉంటుంది కానీ, చవక రకాల్లో చీకటి దృశ్యాలు వేగంగా కదిలినప్పుడు వెనుక మసక చార పడుతుంటుంది. పెట్టె మీద అచ్చువేసిన ‘1 మిల్లీసెకను’ స్పందన సమయాన్ని (తెరపై చుక్క రంగు మారడానికి పట్టే సమయాన్ని) నేనైతే పెద్దగా లెక్కలోకి తీసుకోను. బిగించాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటును, అంటే ఆ హెర్ట్జ్ అంకెను, తప్పక సరిచూసుకోండి. చాలాసార్లు అది 60 దగ్గరే ఉండిపోతుంది.