ఎండాకాలం ఉప్పునీటి ట్యాంకు: రొయ్యల్ని చంపేది ఆ ఒక్క బకెట్టు

హైదరాబాద్‌లో ఎండలు ముదిరాయి. ఇళ్ళలోని ఉప్పునీటి అక్వేరియం ట్యాంకుల్లో క్లీనర్ రొయ్యలు (చేపల ఒళ్ళు శుభ్రం చేసే చిన్న రొయ్యలు) రాత్రికి రాత్రి చచ్చాయన్న కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. వేడికి పోయాయనుకుంటారు. ఒక్కోసారి కారణం వేడి కాదు, పెరిగిన ఉప్పును ఒక్కపూటలో దించేయడం.

నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మిగిలిపోతుంది. 100 లీటర్ల ట్యాంకులో ఉప్పు 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాములు) ఉన్నప్పుడు 10 లీటర్లు తగ్గితే ఉప్పు దాదాపు 39కి చేరుతుంది. చల్లదనానికి ఫ్యాను పెడితే ఇంకా తొందరగా. మీటరు చూసి కంగారుపడి బకెట్టెడు మంచినీళ్ళు గుమ్మరిస్తారు. కొంప ముంచేది అదే.

రొయ్య పెంకు గుండా నీళ్ళు పెద్దగా దిగవు, పల్చటి మొప్పల గుండా దిగుతాయి. బయట ఉప్పు ఒక్కసారిగా పడిపోతే నీళ్ళు లోపలికి చొరబడి రక్తం పలచబడుతుంది, కణాలు ఉబ్బుతాయి. మొప్పల కణాల్లో ఉప్పును తోసే సోడియం పంపులు కొత్త నీటికి సర్దుకోవాలి, కణాలు పోగేసుకున్న అమైనో ఆమ్లాలను వదిలించుకోవాలి. అందుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. కుబుసం విడిచిన రోజైతే రొయ్యకు పెంకు అండ కూడా ఉండదు.

చేపల మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి ఆర్టీమియా బతికింది కదా అని ధైర్యపడొద్దు. ఉప్పును బయటికి తోసే ప్రత్యేక కణాలు దానికి పిల్లప్పుడు మెడ దగ్గర, పెద్దయ్యాక కాళ్ళ మొప్పల్లో ఉంటాయి. సముద్రం కంటే కొన్ని రెట్లు ఉప్పుండే మడుల్లోనూ బతికే జీవి అది. టిగ్రియోపస్ కోపీపాడ్లు అనే సూక్ష్మజీవులూ అంతే, వానకీ ఎండకీ మారిపోయే రాతి గుంటల్లో పుట్టినవి. క్లీనర్ రొయ్యకు ఆ సత్తా లేదు.

రోజుకు సుమారు 1 పీపీటీ మించి దించొద్దు. పై లెక్కలో 10 లీటర్లను నాలుగు రోజులకు పంచండి: రోజుకు రెండున్నర లీటర్లు, సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా. ఆ రోజు ఆవిరైనంత నీళ్ళు దీనికి అదనం.

ఆవిరైన నీటికి బదులు ఉప్పు కలిపిన నీళ్ళు పోయొద్దు, ఆర్‌ఓ నీళ్ళే పోయాలి. బోరు నీళ్ళు వద్దు. నల్లా నీళ్ళు నేరుగా వద్దు, క్లోరిన్ ఉంటుంది.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణంతో సరిచూడండి. ఆర్‌ఓ నీటితో సున్నా చూసుకుంటే చాలదు.

ఉప్పు సరిగ్గా ఉన్నప్పుడు నీటిమట్టం దగ్గర గాజు మీద గీత గీయండి. సంప్ (ట్యాంకు కింద పెట్టే అదనపు తొట్టి) ఉంటే గీత అక్కడే, పంపు ఉన్న అరలో. రోజూ పొద్దున్నే ఆ గీత దాకా నింపండి.

కొత్త రొయ్యను సంచిలోంచి నేరుగా వదలొద్దు. సంచి నీళ్ళ ఉప్పు కొలవండి. ట్యాంకు నీళ్ళు చుక్కలుగా వదిలి, రెండూ సమానమయ్యాకే మార్చండి. సంచి నీళ్ళు పారబోయండి.

రాగి ఉన్న మందులు వెయ్యొద్దు.

ఒకేసారి పోయొద్దు. ఎంత తొందరున్నా పోయొద్దు.

సెలవులకు ఊరెళ్తుంటే రోజుకొక సీసా చొప్పున నీళ్ళు కొలిచి పెట్టి, ట్యాంకు చూసేవాళ్ళకు గీత చూపించండి. "తగ్గితే పొయ్యండి" అని మాత్రం చెప్పి వెళ్ళొద్దు.