తక్కువ ఖర్చుతో రోడ్డు ట్రిప్పు: పొదుపు ఎక్కడ చెయ్యొచ్చు, ఎక్కడ చెయ్యకూడదు

తక్కువ డబ్బుతో కారులో దూరప్రయాణం అనగానే చాలామంది ముందు కోత పెట్టేది రాత్రి బసకే. ‘రాత్రంతా నడిపేస్తే తెల్లారేసరికి చేరిపోతాం, రూమ్ అద్దె మిగిలిపోతుంది’ అనే లెక్క కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ ట్రిప్పు మొత్తంలో అంతకంటే ప్రమాదకరమైన నిర్ణయం మరొకటి ఉండదు. అందుకే ముందు నిద్ర సంగతి చూసి, బండి సంగతి తర్వాత చూద్దాం.

అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా రెండు నుంచి ఆరు గంటల మధ్య, ఎంత అలవాటున్న డ్రైవర్‌కైనా నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య కూడా కాస్త మగతగా ఉంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు వెళ్లిపోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే 110 మీటర్లకు పైగా బండి తన దారిన తాను పోయినట్టే. ఇంకో విషయం. 17 గంటలు వరసగా మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. పొద్దున ఆరింటికి లేచి, రోజంతా ఆఫీసు పని చేసి, రాత్రి బయల్దేరారనుకోండి. పదకొండయ్యేసరికి ఆ 17 గంటలు నిండిపోతాయి, అసలు ప్రయాణమేమో అప్పుడే మొదలై ఉంటుంది.

పాటలు పెట్టడం, అద్దం దించడం, మొహం కడుక్కోవడం లాంటివి కొద్ది నిమిషాలకు మించి పనిచెయ్యవు. కాఫీ పనిచేస్తుంది కానీ, ఒంటికి పట్టడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. కాబట్టి బండిని సురక్షితమైన చోట ఆపి, కాఫీ తాగి, పావుగంటో ఇరవై నిమిషాలో కునుకు తీసి లేవడం మంచి పద్ధతి. వెనక వదిలేసిన రెండు మూడు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తుకు రావడం లేదంటే ఆగాల్సిన సమయం దాటిపోయిందన్నమాటే. నిద్ర రాకపోయినా రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వెయ్యండి. ఖర్చు తగ్గాలంటే మామూలు రూమ్ తీసుకోండి, పెద్ద ఊళ్లో కాకుండా దారిలో ఉన్న చిన్న ఊళ్లో దిగండి, నలుగురూ పంచుకోండి. బస మాత్రం మానెయ్యకండి.

కారులోనే పడుకోవాల్సి వస్తే ఇంజిన్ కట్టెయ్యాలి. ఏసీ కోసం ఆన్‌లో ఉంచి నిద్రపోతే, సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. షెడ్డులాంటి మూసి ఉన్న చోటైతే మరీ ప్రమాదం. రాత్రి పార్కింగ్‌కు అనుమతి ఉండి, వెలుతురూ మనుషుల అలికిడీ ఉన్న చోట ఆపి, అద్దాలు కొద్దిగా దించి పడుకోండి.

ఇక టైర్లు. వీటి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే డబ్బు తక్కువున్నప్పుడు ‘ఈ ట్రిప్పుకి నడిచిపోతుందిలే’ అనిపించేది వీటి విషయంలోనే. టైరు పక్క గోడ మీద డాట్ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. ఆ అంకెలు కొన్నిసార్లు టైరుకు లోపలి వైపు మాత్రమే ఉంటాయి, కాబట్టి ఒంగి చూడాలి. టైరు మీది గాడులు లోతుగా ఉన్నా రబ్బరు వయసు మీద పడితే గట్టిపడి పగుళ్లిస్తుంది. ఆరేళ్లు దాటిన టైరును తెలిసినవాళ్లకు చూపించకుండా దూరం తీసుకెళ్లవద్దు. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందని అర్థం, ఇక మార్చాల్సిందే. నిజానికి వానల్లో వెళ్లేటట్టయితే అంతవరకు ఆగడం కూడా మంచిది కాదు. గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంతో కూడా చాలా బండ్లలో అక్కడే వేరుగా రాసి ఉంటుంది. టైర్లు వేడెక్కకముందే చూసుకోండి. స్టెప్నీలో గాలి చూడటం మాత్రం అందరూ మర్చిపోతారు. జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడండి.

బ్రేకులు, బ్యాటరీ, వైపర్లు, లైట్లు, కూలెంట్ లాంటివన్నీ బయల్దేరడానికి వారం ముందే మెకానిక్‌కి చూపించండి. ముందురోజు చూపిస్తే తేలిన రిపేరు చేయించే టైమ్ ఉండదు, అలాగే బయల్దేరతారు. దారిలో ఇంజిన్ వేడెక్కితే పక్కకు ఆపి చల్లారనివ్వండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు మీదకు చిమ్ముతాయి.

ఇంధనం దగ్గర ప్రమాదం లేకుండా బోలెడు మిగుల్చుకోవచ్చు. గాలి నిరోధం వేగంతో సమానంగా కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. అందుకే 120లో కాకుండా 90లో వెళ్తే మైలేజీలో తేడా బాగా కనిపిస్తుంది. టాప్ మీద క్యారియర్ అవసరం లేకపోతే విప్పేయండి. కానీ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు మాత్రం చాలా తప్పు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఐడిల్‌కే కొంత కాలుతుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. తక్కువ గేరులో దిగండి. బయట చవగ్గా దొరికిందని ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్రోలు పోయించి డిక్కీలో పెట్టుకోవద్దు.

లెక్క వేసేటప్పుడు కంపెనీ చెప్పిన మైలేజీ కాకుండా, మీ బండి నిండా జనంతో ఇచ్చే మైలేజీ పెట్టుకోండి. రానుపోను దూరానికి, దారి తప్పడాలకూ చుట్టుపక్కల తిరగడానికీ ఇంకో 15 శాతం కలపండి. టోల్, పార్కింగ్ వేరుగా రాయండి. టోయింగ్‌కో ఆస్పత్రికో అవసరమయ్యే డబ్బు విడిగా ఒకరి దగ్గర ఉండాలి, దాన్ని తిండికీ షాపింగ్‌కూ ముట్టుకోకూడదు. నగదు ఇద్దరి దగ్గర పంచి పెట్టండి. ఇన్సూరెన్స్ గడువు, దానితో రోడ్డు మీద సాయం వస్తుందో లేదో ముందే కనుక్కోండి. స్నేహితులతో వెళ్తుంటే ఎవరి వాటా ఎంతో, రిపేరు వస్తే ఎవరు భరించాలో ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. రోడ్డు పక్కన నిలబడి తేల్చుకోవడం కష్టం.

మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. రూటు, చేరే సమయం ఇంట్లో ఒకరికి చెప్పండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు అంచనా వేసి దాటే ప్రయత్నం చెయ్యకండి. వడిగా పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కారును పక్కకు నెట్టేయగలవు. వేరే దారికి అయ్యే అదనపు పెట్రోలు కూడా ముందు లెక్కలో కలిపిన ఆ 15 శాతంలోనే వస్తుంది.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క మాట. అప్పటికి ఒళ్లు అలిసిపోతుంది, పర్సు ఖాళీ అవుతుంది, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాలన్న టెన్షన్ మొదలవుతుంది. చివరి రోజుకు మిగతా రోజుల కంటే తక్కువ దూరం ఉండేలా రూటు వేసుకోండి. తిరిగి రావడానికి కావాల్సిన ఇంధనం డబ్బు, దారిలో ఒక రాత్రి బస డబ్బు బయల్దేరే రోజే వేరే కవరులో పెట్టి పక్కన ఉంచండి.