పెద్ద చేపల ట్యాంకు, 4వ పాఠం: కరెంటు పోతే నీళ్లు ఎక్కడికి పోతాయి?

ఈసారి చేపల ఎంపిక గురించి చెప్తానని మాటిచ్చాను. అది వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చూసి సంపు కట్టించుకున్నవాళ్లలో ముగ్గురి ఇళ్లలో హాలు తడిసింది. వరంగల్‌లో ఒకాయన తెల్లారి మంచం దిగితే పాదం నీళ్లలో పడిందట. విజయవాడలో ఒకావిడ ఇంట్లో స్టాండు ప్లైవుడ్ అడుగున ఉబ్బిపోయింది. మూడో ఆయన పంపిన ఫోటోలో స్టాండు లోపల ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్లలో నానుతూ ఉంది. అది చూశాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

తప్పు నా రాతలోనే ఉంది. "సంపులో కాస్త ఖాళీ వదలండి" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయాను. కాస్త అంటే ఎంతో చెప్పలేదు. కాబట్టి ఈ పాఠమంతా ఆ ఒక్క మాట గురించే.

కొత్తగా చేరినవాళ్లకు రెండు ముక్కలు. సంపు అనగానే మనకు ఇంటి ముందు నేల కింద ఉండే నీళ్ల తొట్టి గుర్తొస్తుంది. ఇక్కడ సంపు అంటే ట్యాంకు కింద, స్టాండులో పెట్టే రెండో గాజు తొట్టి. పని మాత్రం ఇంటి సంపు లాంటిదే. మోటారు నీళ్లను పైకి ఎక్కిస్తుంది, పైన ఎక్కువైనవి ఓవర్‌ఫ్లో పైపులోంచి కిందికి పడతాయి. కాకపోతే ఇక్కడ ఓవర్‌ఫ్లో ఇరవై నాలుగు గంటలూ పడుతూనే ఉంటుంది. పడిన నీళ్లు దూది, మీడియా (మంచి బ్యాక్టీరియా పెరిగే గుల్లరాళ్ల లాంటివి) దాటుకుని మళ్లీ సంపులోనే మోటారు ఉండే గదికి చేరతాయి. ఆస్కార్ చేప అడుగు దాకా పెరుగుతుంది. అది తినేదానికి, వదిలేదానికి ట్యాంకు వెనకాల తగిలించే చిన్న ఫిల్టర్లు ఏ మూలకూ చాలవు. గాజు మందం, స్టాండు, నేల మీద పడే బరువు రెండో పాఠంలో అయిపోయాయి. పీవీసీ పైపులు అతికించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఇక అసలు విషయం. మోటారు ఆగగానే నీళ్లు ఉన్నచోటే ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. ఆగవు. పైకి ఎక్కించిన పైపే ఇప్పుడు కిందికి దించడం మొదలుపెడుతుంది. డ్రమ్ములోంచి ట్యూబుతో నీళ్లు లాగడం మీరు చూసే ఉంటారు. ఒకసారి ధార మొదలైతే, పై కొస నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ అది ఆగదు. మీ రిటర్న్ పైపు (మోటారు నుంచి ట్యాంకులోకి వెళ్లే పైపు) కొస నీటిమట్టానికి 8 సెంటీమీటర్ల లోతున ఉందంటే, ఆ 8 సెంటీమీటర్ల నీళ్లూ కిందికి వచ్చేదాకా వస్తూనే ఉంటాయి.

8 సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. వరంగల్ ఆయన కొలతలే తీసుకుని లెక్క వేద్దాం. ట్యాంకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంచుదాకా నింపితే 680 లీటర్లు. దీని నీటి ఉపరితలం 12 చదరపు అడుగులు, అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 11 లీటర్ల పైచిలుకు. 8 సెంటీమీటర్లకు దగ్గర దగ్గర 89 లీటర్లు. ట్యాంకు మూలన, అంచు దాటిన నీళ్లు పడేందుకు గాజుతో కట్టిన చిన్న ఓవర్‌ఫ్లో గది ఉంది. దాని అడుగున రంధ్రం ఉంది కాబట్టి ఆ గది మొత్తం ఖాళీ అవుతుంది. అది ఇంకో 20 లీటర్లు. పైపులో ఉన్నది ఒక లీటరు. మొత్తం 110.

ఇప్పుడు కింద చూడండి. ఆయన సంపు 4 అడుగులు, అడుగున్నర, అడుగున్నర. ఉపరితలం 6 చదరపు అడుగులు, ట్యాంకులో సగం. అంటే పైన ఒక సెంటీమీటరు దిగితే కింద రెండు సెంటీమీటర్లు ఎక్కుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సంపు లోపలి ఎత్తు 45 సెంటీమీటర్లు, మోటారు నడుస్తున్నప్పుడు నీళ్లు 30 దగ్గర ఉన్నాయి. ఖాళీ 15 సెంటీమీటర్లు, అంటే 84 లీటర్లకు చోటు. వచ్చేవి 110. మిగిలిన 26 లీటర్లు హాల్లోకి వచ్చాయి. ఆయన సంపు చిన్నది కాదు, ఖాళీ వదలకపోలేదు కూడా. కనిపించే ఖాళీని నమ్మారు, అంతే.

అదే పైపు కొసను 2 సెంటీమీటర్ల లోతుకు తెస్తే ఏమవుతుంది? ట్యాంకులోంచి 22 లీటర్లు, ఓవర్‌ఫ్లో గది 20, పైపు 1. మొత్తం 43 లీటర్లు. సంపులో 8 సెంటీమీటర్లు కూడా ఎక్కదు. 30 ఉన్నది 38 అవుతుంది, పైన ఇంకా 7 సెంటీమీటర్లు మిగిలే ఉంటాయి. సంపు మార్చలేదు, ట్యాంకు మార్చలేదు. ఒక ఎల్బో తిప్పి పైపు కాస్త కోసాం, అంతే. ఆయన పోయిన ఆదివారం ఆ పని చేసేశారు.

షాపులో అడిగితే నాన్ రిటర్న్ వాల్వ్, అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వ్ పెట్టమంటారు. వ్యవసాయ మోటారుకు ఫుట్‌వాల్వ్ ఎలాగో ఇదీ అలాగే అంటారు. నేను దీన్ని నమ్మను, మిమ్మల్నీ నమ్మవద్దంటాను. బావి నీళ్లు వేరు, చేపల నీళ్లు వేరు. ఈ నీళ్లలో జిగురు ఉంటుంది, చిన్న నత్తలు ఉంటాయి, మేత ముక్కలు ఉంటాయి. వాల్వ్ మూతకు ఒక నత్తగుల్ల అడ్డం పడితే చాలు, అది పూర్తిగా మూసుకోదు. నా మొదటి పెద్ద ట్యాంకుకు ఈ వాల్వే పెట్టాను. ఏడు నెలలు చక్కగా పనిచేసింది. ఎనిమిదో నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. వంటింటి గుమ్మం దాకా నీళ్లు వచ్చాయి. విప్పి చూస్తే మూత అంచున బియ్యపు గింజంత గుల్ల.

నేను ఇప్పుడు చేసేది ఇది. పైపు కొస నీటిమట్టానికి దగ్గరగా పెడతాను. దానికి తోడు, ఓవర్‌ఫ్లో అంచు ఎత్తులో, నీటిమట్టానికి సెంటీమీటరు లోపు కిందగా, పైపుకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వేస్తాను. మోటారు నడుస్తున్నంతసేపు ఆ రంధ్రాల్లోంచి సన్నటి ధారలు నీళ్లలోనే చిమ్ముతుంటాయి, చప్పుడు ఉండదు. మోటారు ఆగి మట్టం రంధ్రం దాకా దిగగానే గుర్రుమని గాలి పీలుస్తుంది. ఆ గాలితో ధార తెగిపోతుంది. ఒక రంధ్రం మూసుకుపోతే రెండోది ఉంటుందని రెండు వేస్తాను. పచ్చటి నాచు ముందు రంధ్రం అంచున ఉంగరంలా పేరుకుని, మెల్లగా లోపలికి కమ్ముకొస్తుంది. పదిహేను రోజులకోసారి చీపురుపుల్ల పెట్టి తిప్పండి చాలు.

ఇంకో తప్పు విజయవాడ ఆవిడ ఇంట్లో జరిగింది. ఆవిడ పైపు సరిగ్గానే ఉంది. మే నెల కదా, రోజూ నీళ్లు ఆవిరైపోతున్నాయి. ట్యాంకులో మట్టం మారదు, తగ్గేదంతా మోటారు గదిలోనే తగ్గుతుంది. తగ్గింది కదా అని సంపులో బకెట్టుతో పోస్తూ, ఇంకొంచెం ఉంటే మంచిదని అంచుదాకా నింపేశారు. ఆ సాయంత్రమే గాలివాన వచ్చి కరెంటు పోయింది. అందుకే సంపు బయటివైపు పర్మనెంట్ మార్కర్‌తో గీత గీయాలి. మోటారు నడుస్తుండగా నీళ్లు ఆ గీత దాటకూడదు. కరెంటు లేనప్పుడు చచ్చినా నీళ్లు పోయకండి, అప్పుడు ఏ గీతా నిజం చెప్పదు.

ఓవర్‌ఫ్లోకు ఆకు గానీ చచ్చిన చేప గానీ అడ్డం పడితే కథ తలకిందులవుతుంది. మోటారు గదిలో ఉన్న నీళ్లన్నీ పైకి వెళ్తాయి. ఆ గదిని 40 లీటర్లకు మించకుండా కట్టించి, ట్యాంకు పైన 5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచితే ఇబ్బంది లేదు. గాజు మీద యూ ఆకారపు ట్యూబుతో తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సులు వద్దు. కరెంటు వచ్చాక వాటిలో ధార మళ్లీ మొదలవుతుందన్న గ్యారంటీ లేదు. ట్యాంకు గాజుకే రంధ్రం వేయించండి, గాజు టఫెన్ (వేడిచేసి గట్టిపరచడం) చేయించకముందే. టఫెన్ అయిన గాజుకు డ్రిల్ పెడితే ముక్కలు ముక్కలవుతుంది.

మోటారు గురించి చాలామంది ఫోన్ చేశారు. డబ్బా మీద గంటకు 4000 లీటర్లు అని రాసి ఉంటే అది ఎత్తు లేకుండా పోసినప్పటి లెక్క. గరిష్ఠ ఎత్తు 3 మీటర్లని రాసిన మోటారు, మీటరున్నర పైకి ఎక్కించేసరికి రమారమి సగమే ఇస్తుంది. పెద్ద చేపలకు గంటకు ట్యాంకుకు ఐదు రెట్ల నీళ్లు తిరగాలి, అంటే 3400 లీటర్లు. కాబట్టి 7000 రాసినది కొనండి.

బోర్డు సంగతి. స్టాండు లోపల కింద పెట్టవద్దు. గోడకు, ట్యాంకు మట్టం కన్నా పైన బిగించండి. వైరు నేరుగా ప్లగ్గులోకి వెళ్లకూడదు, ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ కింది వంపు దగ్గరే రాలిపోతుంది.

కరెంటు గంటల తరబడి పోతే చేపల సంగతి ఏమిటంటారా? నా ట్యాంకులో ఆస్కార్లతో పాటు విడిగా గాజు అడ్డం పెట్టి ఒక కొర్రమీను ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప అని అందరికీ తెలుసు గానీ, దాన్ని దగ్గరగా చూస్తూ పెంచినవాళ్లు తక్కువ. అది పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా దానికి బెంగ లేదు. మూత మాత్రం బరువుగా ఉండాలి, కొర్రమీను ఎగురుతుంది. ఆస్కార్లకు ఆ సౌకర్యం లేదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో ఆక్సిజన్ తగ్గకుండా రాత్రిళ్లు జనరేటర్ సిద్ధంగా ఉంచుకుంటారు, మనకూ అందుకే బ్యాటరీ ఎయిర్ పంపు కావాలి. మూసి ఉండే కానిస్టర్ ఫిల్టర్‌లో కొన్ని గంటలు నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ అయిపోయి, చేపలు వదిలే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. పైన తెరిచి ఉండే సంపులో ఆ భయం తక్కువ. నేను సంపు వైపు మొగ్గడానికి సగం కారణం ఇదే.

ఈసారి అభ్యాసం కష్టంగానే ఉంటుంది, తప్పించుకోవద్దు. ట్యాంకులో చేపలు లేకుండా నీళ్లు నింపి మోటారు నడపండి. స్టాండు చుట్టూ పాత పేపర్లు పరవండి. స్విచ్ ఆపి, సంపులో నీళ్లు కదలకుండా నిలిచాక స్కేలుతో ఎత్తు కొలిచి రాసుకోండి. మూడు రోజుల్లో ఇలా పన్నెండుసార్లు చేయాలి. అందులో నాలుగుసార్లు పైపు రంధ్రాలు రెండింటినీ టేపుతో మూసి చేయండి, నాచు కమ్మినట్టు. ఒకసారి రాత్రి పడుకునే ముందు ఆపి తెల్లారాక చూడండి. పన్నెండు కొలతల్లో అన్నిటికన్నా పెద్దది తీసుకుని, అది సంపు అంచుకు 5 సెంటీమీటర్ల కింద ఉందేమో చూడండి. లేకపోతే మోటారు నడుస్తున్నప్పటి మట్టం తగ్గించి, గీత కిందికి జరిపి, మళ్లీ మొదటినుంచి పన్నెండుసార్లు.

ఇంకా ట్యాంకు లేనివాళ్లు 20 లీటర్ల వాటర్ క్యాన్‌ను బల్ల మీద పెట్టి, ట్యూబు ఒక కొస లోపల, ఒక కొస కింద బకెట్టులో వేసి ధార మొదలుపెట్టండి. లోపలి కొస 2 సెంటీమీటర్ల లోతున ఉన్నప్పుడు ఎన్ని నీళ్లు వచ్చాయో, 8 సెంటీమీటర్లప్పుడు ఎన్ని వచ్చాయో లీటరు చెంబుతో కొలిచి నాకు పంపండి. కొలతలు వచ్చాకే చేపల పాఠం.