జార్జియా వెళ్లొచ్చేవాళ్లుంటే ఈ వైన్ తెప్పించుకోండి

మన విజయనగరం వైపు నుంచి జార్జియాలో ఎంబీబీఎస్ చదివే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లని చూడ్డానికి వెళ్లే పెద్దవాళ్లెవరైనా ఉంటే, వైన్ ఇష్టపడేవాళ్లు ఒక మాట చెప్పి ఉంచండి: సీసా మీద ‘క్వెవ్రీ’ అని రాసున్నదే తెమ్మనండి.

క్వెవ్రీ అంటే మెడదాకా నేలలో పాతిపెట్టిన పెద్ద మట్టికాగు. లోపల తేనెమైనం పూస్తారు. కాఖేతి ప్రాంతంలో తెల్లద్రాక్ష రసాన్ని తొక్కలు, గింజలతో సహా అందులో పోసి నెలల తరబడి మూసి ఉంచుతారు. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది.

మా బావగారు తెచ్చింది ర్కాత్సితెలి ద్రాక్షది. గ్లాసులో పోస్తే ముదురు తేనె రంగు, నాలుక మీద టీ డికాషన్‌లాంటి వగరు. కోడివేపుడు పక్కన ఎంత బాగుందో!

సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి చెకిన్‌లో వెయ్యమనండి. మనిషికి 2 లీటర్ల దాకా సుంకం ఉండదు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు.

ఇంటికొచ్చాక మాత్రం అలమరలో పెట్టొద్దు. మన మే నెల ఎండలకి మా మొదటి సీసా అలాగే పాడైంది. ఫ్రిజ్‌లో పెట్టి, తాగే 20 నిమిషాల ముందు బయటికి తియ్యండి. మరీ చల్లగా ఉంటే వాసనే తెలీదు.