పానా పట్టే ముందు: ఇంట్లో పాత బుల్లెట్ బాగుచేసుకునేవాళ్లకు జాగ్రత్తలు

మా మామయ్య బుల్లెట్ 1972 మోడల్. పదమూడేళ్లుగా పశువుల కొట్టంలో, గడ్డిమోపుల పక్కన నిలబడి ఉంది. ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్న రోజు నా దిగులంతా ఇంజన్ గురించే. పిస్టన్ పట్టేసిందేమో, బోరు పోయిందేమో, పార్టులు దొరుకుతాయో లేదో అని. టెన్షన్ పడాల్సింది వాటి గురించి కాదని రెండో వారంలో తెలిసొచ్చింది.

కార్తీక మాసం, సాయంత్రం ఆరు అవుతోంది. పోర్టికోలో ప్లాస్టిక్ టబ్బు పెట్టి, దాన్నిండా పెట్రోల్ పోసి, కార్బొరేటర్ ముక్కలన్నీ అందులో నానేశాను. మా తులసికోట పోర్టికోకి నాలుగడుగుల దూరంలో, రెండు మెట్లు కిందికి ఉంటుంది. అమ్మ ప్రమిద తెచ్చి పెట్టి, అగ్గిపుల్ల తీసి, గీయబోతూ ఆగింది. "ఏంట్రా ఈ కంపు?" అంది. ఆ రోజు దీపం పెరట్లో పెట్టుకుంది. ఆవిడకి జలుబు చేసి ఉంటే ఏమయ్యేదో నేనిప్పటికీ ఆలోచించను.

షెడ్డులో మెకానిక్ చేసే పనినే మనం ఇంట్లో చేస్తాం. కానీ షెడ్డు పక్కన వంటిల్లు ఉండదు, ఏడాది పిల్ల పాకుతూ రాదు, ఎవరూ దీపం పెట్టరు. ఇంట్లో పెట్టుకుంటే ప్రమాదం మన వేళ్ల దగ్గరే ఆగదు, ఇంటిల్లిపాదికీ పంచినట్టు అవుతుంది. అందుకే ఒక్క నట్టు విప్పకముందే పని ఎక్కడ చేస్తారో తేల్చుకోండి. మూడువైపులా తెరిచి ఉన్న చోటు, నేల చదునుగా ఉన్న చోటు, పిల్లలు రాకుండా అడ్డం పెట్టగలిగిన చోటు కావాలి. బెడ్‌రూమ్ బాల్కనీ, మెట్ల కింద సందు, సెల్లార్ పనికిరావు.

పెట్రోల్ దగ్గర కాసేపు ఆగుతాను. దాని ఆవిరి గాలికన్నా బరువైనది. పొగలా పైకి లేచిపోదు. నేలను అంటిపెట్టుకుని నీళ్లలాగే పల్లానికి పారుతుంది. మా తులసికోట పల్లంలో ఉండటమే ఆ రోజు అసలు సమస్య. సున్నాకి నలభై డిగ్రీలు కింద కూడా పెట్రోల్ అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఇక మన ఎండల్లో చెప్పేదేముంది? అగ్గిపుల్లే అక్కర్లేదు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు లోపల వచ్చే చిన్న నిప్పురవ్వ, ఇన్వర్టర్, దేవుడి గదిలో అగరబత్తి, వంటింట్లో స్టవ్, ఏదైనా చాలు.

కాబట్టి ట్యాంకులో పాత పెట్రోల్ దింపడం పగటిపూట, ఆరుబయట, ఇంట్లోవాళ్లకు చెప్పి చేయండి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, గట్టి మూత ఉన్న ఇనుప డబ్బా వాడండి. ముందు బ్యాటరీ వైర్లు పీకేయండి. దింపిన పెట్రోల్‌ని డ్రైనేజీలో పోస్తే ఆవిరి కాలువ వెంట పక్కింటికి వెళ్తుంది, ఆ పని మాత్రం చేయకండి. మూత పెట్టి, ఎండ తగలని చోట, ఇంటికి దూరంగా ఉంచి, మీకు తెలిసిన షెడ్డువాళ్లకు ఇచ్చేయండి. పార్టులు కడగడానికి డీజిల్ చాలు, పెట్రోల్ అక్కర్లేదు. డీజిల్ కూడా మండుతుంది, కానీ మామూలు వేడికి ఆ స్థాయిలో ఆవిరి కాదు. పక్కన ఒక బకెట్ ఇసుక, మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ ఒకటి ఉండాలి. మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు, పెట్రోల్ నీళ్లమీద తేలి మంటను ఇంకా దూరం మోసుకెళ్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ ట్యాంకు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉన్నప్పుడే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి గాలి చాలదు. ఎండిపోయిందనుకున్న ట్యాంకులో రెండూ సరిగ్గా కుదురుతాయి. అడుగున చిల్లి ఉందని వీధి చివర వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లి "కాస్త అంటించన్నా" అనకండి. ట్యాంకులు చేసే అలవాటున్న మనిషి దగ్గరికే వెళ్లండి. ఆయన కడిగి, ఆరబెట్టి, నీళ్లు నింపి, చిల్లి ఉన్నచోట మాత్రమే ఖాళీ వదిలి పనిచేస్తాడు. అలా చేయకుండా నేరుగా మంట పెట్టబోతే ట్యాంకు వెనక్కి తీసుకుని వచ్చేయండి.

ట్యాంకులో తుప్పుకి చాలామంది బాత్రూం యాసిడ్ పోస్తారు. పనిచేస్తుంది, దాంతోపాటు ఇనుమునీ తింటుంది, ఊపిరితిత్తుల్నీ. ఆ యాసిడ్ ఉన్నచోటికి బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ కలిసిన క్లీనర్ గానీ చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది. నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కలిపి ఒకటిరెండు రోజులు ఉంచితే చాలు. ఆలస్యమే గానీ ఇంట్లో చేసుకోదగ్గ పని. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. కరెంటు పెట్టి తుప్పు వదిలించే పద్ధతి వీడియోల్లో చూసి చేసేవాళ్లు రెండు గుర్తుపెట్టుకోండి. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, అది మండుతుంది. కరెంటు రెండో వైరుకి స్టీల్ గరిటె లాంటిది వేలాడదీయకండి. స్టెయిన్‌లెస్ స్టీల్ నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. మామూలు ఇనుప ముక్క పెట్టండి.

ఇక దుమ్ము. ఏ షెడ్డులోనైనా చూడండి, బ్రేక్ డ్రమ్ము ఊడదీయగానే నేలకేసి టక్కున కొట్టి, నోటితో ఉఫ్‌మని ఊదుతారు. నల్లటి పొడి మేఘంలా లేస్తుంది. పాత బ్రేక్ లైనర్లలో, క్లచ్ ప్లేట్లలో, గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉండే అవకాశం ఎక్కువ. దాని పోగులు కంటికి కనిపించవు. ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రావు, జబ్బు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అందుకని ఊదొద్దు, గాలి కొట్టొద్దు, పొడిగా రుద్దొద్దు. స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్లు పోసి డ్రమ్మంతా తడిపి, పాతగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగా ఉండగానే కవర్లో కట్టేయండి. మాస్కు పీ100 రకం ఉండాలి, ఎన్95 చాలదు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయకండి. "పాత స్టాకు, ఒరిజినల్ లైనర్లు" అని ఎవరైనా ముచ్చటగా అమ్మితే నేనైతే కొనను. ఒరిజినాలిటీ పిచ్చి అక్కడిదాకా వద్దు.

పాత పెయింట్ సంగతీ అంతే. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ పొడి గచ్చుమీద పడి, పాకే పిల్లల చేతికి, అక్కడినుంచి నోటికి చేరుతుంది. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి, కింద పాత ఫ్లెక్సీ పరవండి, అయ్యాక ఫ్లెక్సీతో సహా మడిచి పారేయండి. కొత్త రంగు మాత్రం ఇంట్లో కొట్టొద్దు. హార్డెనర్ కలిపి కొట్టే 2కే పెయింట్ల స్ప్రేలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. మామూలు మాస్కు వాటిని ఆపదు. ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం పట్టుకోవచ్చు. పెయింటింగ్ బూత్ ఉన్నవాడికి ఇచ్చేయండి, ఆ డబ్బు దండగ కాదు.

రంగుకి ఇచ్చే ముందు ఇంకో మాట. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మెడ దగ్గర కొట్టి ఉంటుంది. దానిమీద టేపు అంటించకుండా ఇసుక బ్లాస్టింగ్‌కి, పౌడర్ కోటింగ్‌కి ఇస్తే నంబరు అరిగిపోవడమో, రంగు కింద పూడిపోవడమో జరుగుతుంది. చదవలేని నంబరుతో ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తే మీ బండి మీదేనని నిరూపించుకోలేరు. విప్పే ముందే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద అచ్చు తీసి, ఫోటోలు తీసి, ఆర్సీతో పోల్చుకోండి. తేడా ఉంటే పానా పక్కన పెట్టి ముందు అది తేల్చుకోండి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021 జులై నుంచి వింటేజ్ నిబంధనలు ఉన్నాయి. వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి అసలు రూపంలో ఉండాలి, రోజువారీ తిరగడానికి వాడకూడదు. ఆఫీసుకి వేసుకెళ్లాలనుకునేవాళ్లకు అది దారి కాదు, మామూలుగా ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడమే. ఏది కావాలో హ్యాండిల్ మార్చకముందే తేల్చుకోండి.

చేతులు, కళ్లు. పాత బుల్లెట్‌లో చాలా నట్లు ఇంగ్లండ్ కొలతలవి, మిల్లీమీటర్ల పానా వాటికి సరిగ్గా పట్టదు. పట్టినట్టే ఉండి బలం పెట్టగానే జారుతుంది, వేలి కణుపులు ఇంజన్ చుట్టూ రేకుల్లా ఉండే ఫిన్లకేసి కొట్టుకుంటాయి. నా కుడిచేతి మీద రెండు మచ్చలున్నాయి, రెండూ పదమూడో నంబర్ పానావే. ఇంగ్లండ్ కొలతల పానాల సెట్టు ముందే కొనండి. పట్టేసిన బోల్టుకి నూనె వేసి రెండురోజులు వదిలేయండి. బోల్టు వేడిచేద్దామని, అప్పుడే డీజిల్‌తో కడిగిన చోట మంట చిమ్మే బ్లో ల్యాంప్ పెట్టకండి. స్టాండ్ స్ప్రింగులు, క్లచ్ స్ప్రింగులు, ఫోర్కు స్ప్రింగులు ఊడితే ముఖానికే వస్తాయి, కళ్లద్దాలు లేకుండా వాటి జోలికి పోవద్దు. గ్రైండర్‌కి తీగ బ్రష్ పెడితే తీగలు సూదుల్లా ఎగురుతాయి. అప్పుడు లుంగీ, చున్నీ, వేలాడే చేతులున్న చొక్కా, చేతికి దారం ఏవీ వద్దు. గ్లోవ్స్ కూడా తీసేయండి, తిరిగే బ్రష్ గుడ్డ గ్లోవ్‌ని వేలితో సహా లాగేస్తుంది.

బరువు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: బండి 160 కిలోల పైమాటే. సెంటర్ స్టాండ్ మీద నిలబడిన బండికి ముందు చక్రం ఊడదీసినా, ఇంజన్ దించినా బరువు ఒకవైపు మళ్లి ఒరుగుతుంది. ముందే పైన కొక్కేనికి తాడు కట్టండి, లేదా కింద చెక్క దిమ్మలు పెట్టండి. ఇంజన్ ఒంటరిగా ఎత్తొద్దు.

అన్నీ బిగించాక కిక్ దగ్గర తొందరపడతాం. మా మామయ్య కాలి మడమ దగ్గర వంకర ఉంటుంది, ఇదే బండి ఇచ్చిన కానుక. టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే సమయం, ముందుకి ఉన్నా, వేగాన్ని బట్టి ఆ సమయాన్ని మార్చే, పాయింట్ల దగ్గరుండే అడ్వాన్స్ యూనిట్ తుప్పుతో ముందుకి పట్టేసి ఉన్నా, పిస్టన్ పైకి రాకముందే నిప్పు పడి కిక్ రాడ్ తిరగబడుతుంది. కొన్నేళ్లు నిలిచిపోయిన బండిలో ఆ యూనిట్ విప్పి, చేత్తో తిప్పి, స్ప్రింగు వెనక్కి లాగుతోందో లేదో చూడందే కిక్ కొట్టొద్దు. కొట్టే పద్ధతి పాతవాళ్లందరికీ తెలిసిందే. తాళం ఆన్ చేసి కిక్‌ని మెల్లగా నొక్కుతూ, కరెంటు చూపే ఆంప్స్ మీటర్ ముల్లు చూడాలి. ముల్లు మధ్యకి రాగానే ఆగి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివర్ పట్టి, ఇంకాస్త మాత్రమే నొక్కి, లివర్ వదిలి, కిక్‌ని పైదాకా రానిచ్చి, అప్పుడు ఒకే ఊపున కిందిదాకా కొట్టాలి. సగం కిక్కే కాలు విరగ్గొట్టేది. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి. మోకాలు నిటారుగా బిగబట్టొద్దు.

స్టార్ట్ అయితే సంతోషంలో మూసిన చోట నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, తలనొప్పి వచ్చేటప్పటికే ఆలస్యం. బండిని గేటు బయటికి తోసి స్టార్ట్ చేయండి. బ్యాటరీ 6 వోల్టులదా 12దా చూసుకుని తగిన చార్జరే పెట్టండి. మాది 6. పెద్ద చార్జర్ పెడితే యాసిడ్ ఉడికి చిమ్ముతుంది.

రోడ్డెక్కే ముందు ఇది చదవండి, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాళ్లు. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలు కింద, వెనక బ్రేకు ఎడమకాలు కింద. ఒకటో గేరు పైకి, మిగతావి కిందికి. మీ కాళ్లకు ఇప్పటి బండ్ల అలవాటు. అడ్డంగా కుక్క వచ్చినప్పుడు మీరు ఆలోచించరు, కుడికాలు నొక్కేస్తారు, నొక్కింది గేరు అవుతుంది. తెల్లవారుజామున ఖాళీ వీధిలో కనీసం వారంపాటు అలవాటు చేసుకోండి. డ్రమ్ము బ్రేకు డిస్క్ బ్రేకులా వెంటనే పట్టదు, దూరం ఎక్కువ ఉంచండి. పాత టైరులో గాట్లు ఎంత లోతున్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది, కొత్తవి వేయండి.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులు, పాత సీళ్లు దానికి తట్టుకోవు. ఉబ్బుతాయి, మెత్తబడి చిట్లుతాయి. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయండి, వానాకాలంలో బండి నెలల తరబడి నిలపాల్సివస్తే ట్యాంకు ఖాళీ చేసి, ఆవిరి పోయేదాకా ఆరుబయట ఆరబెట్టి ఉంచండి. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుని ట్యాంకు అడుక్కి దిగుతుంది, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. నేను పైపులు మార్చాను గానీ పెట్రోల్ ట్యాపు పాతదే వదిలేశాను, బాగానే ఉందిగా అని. మొదటి రోజు పాలబూత్ దాకా దర్జాగా వెళ్లాను. పాలు తీసుకుని వచ్చేసరికి ట్యాపు కింద చుక్క చుక్కగా కారుతోంది, దాని కిందే వేడివేడి ఇంజన్. తాళం తీసి, ట్యాపు కట్టేసి, ఒక చేత్తో పాల ప్యాకెట్లు పట్టుకుని ఇంటిదాకా తోసుకొచ్చాను.